మిల్లు బట్టలు ఉతికిన నీళ్ళు

మా అత్తగారింట్లో నీళ్ళు ఒక్కసారి వాడి పారబోయడం పెద్ద తప్పు. బియ్యం కడిగిన నీళ్ళు బర్రె కుడితిలోకి పోయేవి. కూరగాయలు కడిగినవి కరివేపాకు చెట్టుకు. ముఖం కడుక్కోవాలంటే మునగచెట్టు మొదట్లో నిలబడి కడుక్కోవలసిందే. నేను బద్వేలు వైపు పల్లె నుంచి కొత్తకోడలిగా నంద్యాలకు వచ్చిన మొదటి వారంలో, కాళ్ళు కడుక్కోగా చెంబులో మిగిలిన నీళ్ళు అలవాటుకొద్దీ వాకిట్లో చిలకరించాను. "ఏమ్మే, మీ నాయన నీతోపాటు బావి కూడా పంపినాడా?" అంది మా అత్త. మా ఊళ్ళోనూ నీళ్ళు అంతంతమాత్రమే, కానీ మా అమ్మకు ఇంత పట్టింపు లేదు. ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది. ఏడాది తిరిగేసరికి నేనూ అలాగే తయారయ్యాను.

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో మాట ఇది. మా మామ ఊరి చివర జిన్నింగు మిల్లులో గుమాస్తా. పత్తిలోంచి గింజ వేరు చేసి దూదిని బేళ్ళు కట్టే మిల్లు. మా ఆయన ఆ మిల్లు తరఫునే ఊళ్ళు తిరిగి పత్తి చూసి వచ్చేవాడు. ఎండాకాలం మిల్లుకు పని ఎక్కువ. సాయంత్రం ఇద్దరూ ఇంటికి వస్తే కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి. మామ తలుపు దగ్గరే నిలబడి తుమ్మేవాడు. ఆయన తుమ్ములు లెక్కపెట్టుకొని నేను పొయ్యి మీద కాఫీ గిన్నె పెట్టేదాన్ని. ఐదో తుమ్ముకు లోపలికి వచ్చేవాడు.

నేను ఆ ఇంటికి రావడానికి రెండేళ్ళ ముందు మా అత్త బావి గట్టు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎముకలు కట్టే ఆయన పసరు పూసి వెదురు దబ్బలు వేసి కట్టాడు. ఎముక అతికింది కానీ కాలు పొట్టిదైంది. అంతకుముందు ఆ వీధి ఆడవాళ్ళందరిలాగే ఆమె కూడా తెల్లవారకముందే ఊరి బయట కంపచెట్ల వైపు పోయి వచ్చేది. పడ్డ తర్వాత అంత దూరం నడవలేదు. అందుకని పెరట్లో పాతకాలపు పాయిఖానా ఒకటి కట్టించారు. దాన్ని ఎత్తిపోయడానికి పొద్దున్నే ఒకామె వెనక సందు తలుపులోంచి గంప, బూడిద, రేకుముక్క పట్టుకొని వచ్చేది.

ఆమెకు ముప్పై ఏళ్ళుంటాయేమో. పని అయ్యాక దూరంగా గోడనానుకొని కూర్చునేది. అత్త చెంబు ఎత్తి పట్టి పైనుంచి పోస్తే, ఆమె రెండు చేతులూ దోసిలి పట్టి తాగేది. చెంబుకూ చేతులకూ మధ్య జానెడు ఎడం. మా పుట్టింట్లోనూ అలాగే పోసేవాళ్ళు కాబట్టి నాకు అందులో వింతేమీ కనిపించలేదు. నీళ్ళు పొదుపుగా వాడే మా అత్త ఆమెకు మాత్రం కడుపునిండా పోసేది. అది నేను మెచ్చుకున్న సంగతి. మెచ్చుకున్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను, కానీ మెచ్చుకున్నది నిజం.

ఒకరోజు ఆమె నీళ్ళు తాగి మూతి తుడుచుకొని, "అమ్మా, నేను ఈ పని మానేస్తాండా" అంది. కూతురు మిషన్ బడిలో చదువుతోందట. "నేను ఈ పనిలో ఉంటే నా తర్వాత నా బిడ్డనే రమ్మంటారు. నేను మానితే దాన్ని ఎవరూ పిలవరు. మిల్లులో ఊడ్చే పని ఉండాదంట. సామికి ఒక మాట చెప్పమ్మా."

అత్త ఆ పూటే మొదలుపెట్టింది. నాలుగు రోజులు మామ చెవిలో ఇల్లు కట్టుకొని పోరింది. మొదట ఆయన కుదరదన్నాడు. మిల్లు ఆడవాళ్ళు గొడవ చేస్తారన్నాడు. చివరికి మేనేజరుతో మాట్లాడి పెట్టించాడు. గొడవ జరగనే జరిగింది. మిల్లులో ఊడ్చే ఆడవాళ్ళకు నీడన ఒక నీళ్ళ కుండ, దాని మీద ఒక సత్తు గ్లాసు ఉండేవి. మొదటి పదిరోజులూ ఆమెను ఆ కుండ ముట్టనివ్వలేదు. వాళ్ళలో పెద్దామె ఒకతె చివరికి తీర్పు చెప్పింది: పాత పని మళ్ళీ ముట్టుకోనన్నాళ్ళు కుండ ముట్టుకోవచ్చు. ముట్టుకున్నదని తెలిసిన రోజు కుండా లేదు, వాళ్ళ మధ్య చోటూ లేదు.

ఈ సంగతి మా పెరట్లో పని మానిన ఆమే నాకు చెప్పింది. అంగడి వీధిలో ఎదురైంది. తలలో దూది, మొహంలో నవ్వు. "నేనే ముంచుకొని తాగుతాండా చిన్నమ్మా" అంది. చేత్తో గ్లాసు ముంచినట్టు చూపించింది కూడా. మంచిదే కదా అన్నాను. 

ఆమె మానేశాక మా పెరట్లోకి వచ్చేవాళ్ళు లేరు. కర్నూల్లో ఆఫీసర్ల బంగళాలకు కొత్త రకం పాయిఖానాలు కట్టిస్తున్న ఓవర్సీరు ఒకాయన మామకు తెలిసినవాడు. ఆయన వచ్చి కొలతలు వేసి, నేలలో రెండు గదుల ట్యాంకు కట్టించాడు. ట్యాంకు మీద కడప బండలు పరిపించాడు. ఒక గొట్టంలోంచి మురుగు ట్యాంకులోకి వస్తుంది, గట్టిది అడుగుకు పోతుంది, తేరిన నీళ్ళు రెండో గొట్టంలోంచి ఇంకుడు గుంతలోకి పోతాయి. మాది నల్లరేగడి కాబట్టి నీళ్ళు తొందరగా పీల్చుకోదని, కింద గరుసు నేల తగిలేదాకా ఆ గుంత తవ్వించి రాళ్ళు నింపించాడు. పోయేముందు మా అత్తను పిలిచి, "అమ్మా, బట్టలుతికిన నీళ్ళు ఇందులోకి రానీయొద్దు. జాలాడి తూము చెట్లకే పోవాల. సబ్బు, గుడ్డపీచు పోతే ట్యాంకు పాడైపోతాది" అన్నాడు. జాలాడి అంటే బట్టలూ అంట్లూ శుభ్రం చేసుకొనే బండల చోటు.

"అట్నేలేప్పా" అంది అత్త. ఆమె మాట తప్పలేదు కూడా. జాలాడి తూము ఎప్పుడూ మునగచెట్టుకే పోయింది.

మామూలు రోజుల్లో మా బట్టలు చాకలామె తీసుకుపోయి కాలువలో ఉతికి తెచ్చేది. ఎండాకాలం కాలువ కట్టేస్తారు. కుందూ ఏట్లో అక్కడక్కడ గుంతల్లో మాత్రమే నీళ్ళుంటాయి. ఆ ఏడు చాకలామె మిల్లు బట్టలు చూసి మూట మళ్ళీ గడప మీద పెట్టేసింది. "అమ్మా, ఉండేది ఒగ గుంత. దాంట్లో ఈ పీచు కలిస్తే ఊరోళ్ళ బట్టలన్నిటికీ పట్టుకుంటాది. నన్ను ఊర్లో ఉండనిస్తారా?" అంది. తప్పు పట్టడానికి లేదు. మిల్లు బట్టల ఉతుకు నాకు వచ్చింది.

మా బావిలోనూ నీళ్ళు అడుగంటాయి. చేంతాడుకు ఇంకో మూర కలిపితే గానీ బొక్కెన మునిగేది కాదు. అట్లాంటప్పుడు కొత్త పాయిఖానాకు పోయిన ప్రతిసారీ ఒక చెంబు కాదు, సగం బొక్కెన పోయాలి. మా అత్తకు అదొక్కటే మింగుడు పడలేదు. మంచినీళ్ళు తోడి అందులో పోయడమా! ఒకరోజు నేను మిల్లు బట్టలు జాడించిన గంగాళం తూము వైపు ఒంచబోతుంటే ఆపింది.

"పారబోయొద్దు. పాయిఖానా పక్కన పెట్టు. దాంట్లోకి అవే పోద్దాం."

"ఓవర్సీరు వద్దన్నాడు కదత్తా" అన్నాను.

"ఆయప్ప తూము కలపొద్దన్నాడు. మనం కలుపుతాండామా? చేత్తో పోస్తాండాం, అంతే కదా."

ఈ వాదన నాకు నచ్చింది. బావి తోడేది నేను. రోజుకు నాలుగు బొక్కెనలు మిగిలితే ఎవరికి చేదు? గంగాళంలో నీళ్ళు బూడిద రంగులో ఉండేవి. పైన దూది పీచు పాల మీగడలా తేలేది. చెంబుతో కదిపి పోసేదాన్ని. మార్చి నుంచి రెండు నెలలు అలాగే పోశాం. మా ఇంటి పొదుపు గురించి అత్త పక్కింటివాళ్ళకు చెప్పుకొని మురిసింది కూడా.

మే నెలలో ఒకరోజు పోసిన నీళ్ళు దిగకుండా అక్కడే నిలబడ్డాయి. మరునాటికి పైకి వచ్చాయి. కడప బండల సందుల్లోంచి తడి ఊరింది. వాసన గురించి రాయను. ఇరవై అడుగుల దూరంలో వంటిల్లు ఉంది, అంత చెబితే చాలు. మామ పురపాలక సంఘానికి పోయి అడిగితే, ఇట్లాంటి ట్యాంకులు తాము ఇంకా చూడలేదన్నారు. ఓవర్సీరుకు ఉత్తరం రాస్తే జవాబు లేదు.

మూడు రోజులు మా అత్తను నేను రెక్క పట్టుకొని తెల్లవారకముందు ఊరి బయటికి నడిపించాను. మూడోరోజు ఆమె కంపచెట్ల దగ్గర కూర్చోలేక ముందుకు పడింది. అరచేతులనిండా ముళ్ళు దిగాయి. ఇంటికి వచ్చాక పిన్నీసుతో ముళ్ళు తీస్తుంటే ఆమె కళ్ళవెంట నీళ్ళు కారాయి. నొప్పికి కాదు. "నేను సచ్చేదాకా ఇంతేనా?" అంది.  గంగాళం మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇద్దరికీ అనుమానం ఉంది.

మామ ఆ రోజే మిల్లులో, మా పెరట్లో పని మానిన ఆమెకు కబురు చెప్పాడట. ఆదివారం మిల్లు సెలవు. పొద్దెక్కాక వెనక సందు తలుపు చప్పుడైంది. తీస్తే ఆమె. ఉతికిన చీర కట్టుకొని ఉంది. ముందు వాకిలినుంచి రావచ్చు, కానీ కాళ్ళు పాత దారే పట్టుకొచ్చాయి.

"సామి రమ్మన్నాడంట" అంది.

మామ వచ్చి సంగతి చెప్పాడు. "ఈ ఒక్కసారి. బండ ఎత్తి చూసి, ఏం అడ్డం పడిందో తీసేసి పో. ఎవరికీ తెలీదు."

ఆమె పెరడంతా ఒకసారి చూసింది. పాయిఖానా పక్కన గంగాళం. అందులో నిన్నటి ఉతుకు నీళ్ళు. దగ్గరికి పోయి వంగి చూసింది. తేలుతున్న పీచును వేలితో అంచుకు తోసింది.

"చిన్నమ్మా, ఈ నీళ్ళు యాడ పోస్తాండారు?"

నేను పాయిఖానా వైపు చూశాను. 

"ఇది కుళ్ళేది కాదమ్మా. మిల్లులో మురిక్కాలవ ఇట్నే పూడిపోతే గడ్డపార్లతో పెకలిచ్చిరి. గొట్టం నోట్లో ఉండ కట్టింటాది." తర్వాత మామ వైపు తిరిగింది. "సామీ, నేను ముట్టుకోను."

"నిన్ను మిల్లులో పెట్టించిందెవరు?" అన్నాడు మామ. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. అప్పుడూ పెంచలేదు.

"నువ్వే సామీ. కాదన్లేదు. ఈ సందులోకి వచ్చేటప్పుడు నలుగురు సూసినారు. రేపు కుండకాడ అడుగుతారు. ముట్టుకోలేదని నేను ఒట్టేసి చెప్పల్ల. ముట్టుకొని ఎట్ల చెప్తును?"

అత్త అరుగు మీద అరచేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. ముళ్ళు తీసిన చోట పసుపు పెట్టి ఉంది. ఆమె ఒక్క మాట అంటే చాలు, ఇటో అటో తేలిపోయేది. అనలేదు. ఆ చేతులను చూసి ఈమె తలొంచుకుంది. ఇంకొక్క క్షణం ఆగితే ఒప్పుకునేదనే నాకు అనిపించింది.

మామ ఎదుట నేను అంతవరకు పెదవి విప్పి ఎరగను. "పోసింది నేను మామా. తీసేదీ నేనే" అన్నాను. నాకే నా గొంతు కొత్తగా వినిపించింది. ఇది త్యాగం అనుకోకండి. నాకు అత్త మీద కోపం, మామ మీద కోపం, అన్నిటికంటే ఆ గంగాళం మీద కోపం.

"ఇంటి కోడలు చేసే పనేనా ఇది?" అన్నాడు మామ. అంటూనే ఇంకెవరు చేస్తారని చుట్టూ చూశాడు. మా ఆయన పత్తి చూడటానికి కోసిగి వైపు పోయి ఉన్నాడు. ఇక మిగిలింది ఆయనే. ఆయన గడ్డపార తెచ్చాడు.

గడ్డపారతో ఆయన బండ ఎత్తిపట్టాడు, నేను దాన్ని పక్కకు దొర్లించాను. బండ తొలగిన మరుక్షణం ఆయన ముందు వాకిట్లోకి పరిగెత్తాడు. అక్కడినుంచి తుమ్ములు కాదు, వేరే చప్పుళ్ళు వినిపించాయి.

"మొగం ఆడ పెట్టొద్దు చిన్నమ్మా. గాలి పోనీ. ఇట్ల వచ్చి నిలబడు" అని ఆమె సందు తలుపు దగ్గరినుంచి కేక వేసింది. చాలాసేపు నిలబెట్టింది. తర్వాత ఒక్కొక్కటీ చెప్పింది. లోపలికి దిగొద్దు, వంగొద్దు. నీళ్ళు బయటికి పోయే గొట్టం ఎక్కడుందో కట్టెతో పొడిచి చూడమంది. దొరికింది. కొక్కెం లాంటిది ఏదైనా ఉందా అని అడిగింది.

మా ఇంట్లో అట్లాంటిది ఒకటే. బావిలో బొక్కెన పడితే తీసే ఇనుప గాలం. దాన్ని తీయబోతే అత్త అరుగు మీదనుంచి "బావి గాలం" అని మాత్రం అంది. దానర్థం మా ఇద్దరికీ తెలుసు. అందులో ముంచింది మళ్ళీ బావిలో ముంచడానికి లేదు. నేను దాన్ని వెదురుగడకు తాడుతో బిగించి కట్టాను. 

మొదటిసారి ఏమీ రాలేదు. రెండోసారి బరువు తగిలింది. "తిప్పు చిన్నమ్మా, లాగొద్దు. తిప్పితే చుట్టుకుంటాది" అంది. తిప్పాను. పైకి వచ్చినదాన్ని చూస్తే చచ్చిన గొర్రెపిల్ల అనుకున్నాను. అంత ఉంది. అంతా దూది పీచే. మామ ధోవతులది, మా ఆయన చొక్కాలది, రెండు నెలలుగా నా చేత్తో పోసినది. అట్లాంటివి నాలుగు తీశాను. నాలుగోది వచ్చాక లోపల గుడగుడమని నీళ్ళు కదిలాయి. మట్టం జానెడు దిగింది. అరుగు మీద అత్త ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది.

పీచును గుంత తీసి పూడ్చాను. జాలాడి దగ్గర సున్నిపిండితో చేతులు తోముకుంటుంటే ఆమె దూరంనుంచే ఇంకొకటి చెప్పింది. మిల్లు బట్టలు తడపకముందే ఆరుబయట గట్టిగా దులపాలట. ఆ తర్వాత బండ మీద పరిచి తడి చేత్తో పైనుంచి కిందికి నిమరాలట. పీచు చేతికిందే ఉండ కట్టి వచ్చేస్తుందట. "మేము మా చీరలకు అట్నే చేస్తాండాం. ఆపైన ఉతికిన నీళ్ళు పాతగుడ్డలో వడపోసి చెట్లకు పోసుకో. దీంట్లోకి మాత్రం బావినీళ్ళే పొయ్యి." మాకు ఓవర్సీరు చెప్పినదానికంటే వివరంగా చెప్పింది.

అప్పటికి నడినెత్తిన ఎండ. రెండు గంటలనుంచి ఆమె ఆ సందు తలుపు దగ్గర నీడలేని చోట నిలబడే ఉంది. అత్తకే ముందు గుర్తొచ్చింది. లేచి, కుంటుకుంటూ వంటింట్లోకి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. చల్లటి నీళ్ళు, కొత్తకుండవి. ఆమెకు నాలుగడుగుల దూరంలో ఆగింది. ముళ్ళు దిగిన చేత్తోనే చెంబు ఎత్తి పట్టుకుంది, ఎప్పటిలాగే.

ఆమె చేతులు సగం దాకా లేచాయి. దోసిలి కట్టబోయి ఆగాయి. ఆమె ఆ చేతులనే ఒకసారి చూసుకొని, చీర చెంగుకు తుడుచుకుంది.

"వద్దులేమ్మా. మిల్లుకాడ తాగుతా" అంది.

ఆ రోజు ఆదివారం. మిల్లుకు తాళం. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

ఆమె సందులోంచి పోయింది. అత్త చెంబు దించి, ఆ నీళ్ళు మునగచెట్టు మొదట్లో పోసింది. పారబోయలేదు. ఆ తర్వాత పదకొండేళ్ళు అత్త బతికింది. ట్యాంకు ఒక్కసారి కూడా పూడలేదు. నేను ఇప్పటికీ బట్టలు తడిపేముందు తడి చేత్తో నిమురుతాను, మిల్లు బట్టలు కాకపోయినా. ఆమె మళ్ళీ మా పెరట్లోకి రాలేదు. అంగడి వీధిలో కనిపిస్తే నవ్వేది, బాగుండావా చిన్నమ్మా అనేది.

నేను ఆ రోజు ఆమె తీయవలసినదంతా నా చేత్తో తీశాను, అదేదో గొప్పగా చాలాకాలం అనుకున్నాను. అత్త చెంబు ఎత్తి పట్టినప్పుడు వంటింటి గుమ్మం పక్క గూట్లో నాలుగు గ్లాసులు బోర్లించి ఉన్నాయి. చేతులు కడుక్కొని నేను వాటి పక్కనే నిలబడి ఉన్నాను.